అసెంబ్లీ భాషా సమాసాలలో ఏకపద చిహ్నాలు

యాంగోన్ నగరంలో కంప్యూటరు విద్యకు అర్ధశతాబ్దికి పైబడిన చరిత్ర కలదు. నగరం ఇంకను రంగూన్ అనే పేరుతో వ్యవహరింపబడుతున్న కాలంలో, 1971లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఇచ్చట విశ్వవిద్యాలయాల కంప్యూటరు కేంద్రం స్థాపింపబడింది. గణితాచార్యులైన డాక్టర్ చిట్ స్వే దాని స్థాపనకు సారథ్యం వహించారు. బ్రిటన్‌లో తయారైన ఐ.సి.ఎల్. 1902ఎస్ ఆ కేంద్రంలో నెలకొన్న మొదటి యంత్రం. 1980ల దశకంలో అమెరికాకు చెందిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పి.డి.పి.-11/70 దానికి తోడయింది. ఈ కేంద్రమే 1988లో కంప్యూటరు శాస్త్ర సాంకేతిక సంస్థగాను, 1998లో యాంగోన్ కంప్యూటరు అధ్యయన విశ్వవిద్యాలయంగాను రూపొందినది.

ఈ రెండు యంత్రాలకూ స్వభావంలో ఎంతో భేదం ఉన్నది. మొదటిదాని యంత్రపదం 24 బిట్లు, రెండవదాని యంత్రపదం 16 బిట్లు. అయినను రెండింటి ముందు కూర్చున్న విద్యార్థి ఒకే రకమైన పొరపాటుకు లోనయ్యే అవకాశం ఉండేది. నేటి యంత్రాల ముందు కూర్చున్న విద్యార్థికి సైతం ఆ అవకాశం తొలగలేదు. అది సంఖ్యకు ముందు ఉంచే ఒక చిన్న చిహ్నం ఎంతవరకు వర్తిస్తుందో తెలియకపోవటం. ఈ పొరపాటును యంత్రం ఎత్తిచూపదు. ప్రోగ్రాము సక్రమంగా అనువదింపబడుతుంది, నడుస్తుంది, తప్పు జవాబు ఇస్తుంది. అందుచేత ఈ చిహ్నాలను గూర్చి వివరంగా తెలిసికొనుట అవసరం.

(ఈ వ్యాసంలో ఆజ్ఞలు, రిజిస్టర్ల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. యంత్రానికి ఇచ్చునపుడు వీటిని రోమను లిపిలో టైపు చేయవలెను.)

సమాసం, పదం, చిహ్నం

అసెంబ్లీ భాష యంత్రభాషకు అతి సమీపమైనది. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక చిన్న పేరు, ఆ పేరు పక్కన ఆజ్ఞకు కావలసిన విలువలు వ్రాయబడతాయి. ఈ పాఠాన్ని యంత్రభాషలోనికి మార్చే ప్రోగ్రామును అసెంబ్లరు అంటారు. విలువ ఉండవలసిన చోట కేవలం ఒక సంఖ్యనే గాక, బీజగణితంలో వలె ఒక సమాసాన్ని కూడా వ్రాయవచ్చును. ఉదాహరణకు 20 అని వ్రాయుటకు బదులు 4*5 అని వ్రాయవచ్చును.

సమాసంలో పదాలు, వాటిని కలిపే చిహ్నాలు ఉంటాయి. 4*5లోని గుణకార చిహ్నానికి రెండు వైపులా రెండు పదాలు కావలెను. అట్టివి ద్విపద చిహ్నాలు. -5లోని ఋణ చిహ్నానికి ఒక్క పదం చాలును. ఇట్టి వాటిని ఏకపద చిహ్నాలు, ఆంగ్ల వ్యవహారంలో యూనరీ ఆపరేటర్లు, అంటారు. 8-5లోని గుర్తు, -5లోని గుర్తు చూపునకు ఒకటే. ఎడమవైపున పదం ఉన్నదా లేదా అనుదానిని బట్టి అది ద్విపద చిహ్నమో ఏకపద చిహ్నమో అసెంబ్లరు నిర్ణయించుకొంటుంది.

తెలుగు వ్యాకరణం చదివిన వారికి ఈ విషయం క్రొత్త కాదు. సత్యం అనే పదానికి ముందు 'అ' చేరి అసత్యం అవుతుంది. దీనిని నఞ్ తత్పురుష సమాసం అంటారు. ఆ 'అ' ఒక ఏకపద చిహ్నం వంటిది. ఇక 'అసాధారణ ధైర్యం' అన్నపుడు 'అ' దేనికి వర్తిస్తున్నది? సాధారణ అనే మాటకే వర్తిస్తున్నది, ధైర్యానికి కాదు. సాధారణము కానట్టి ధైర్యం అని విగ్రహవాక్యం. 'సాధారణ ధైర్యం' అనే మొత్తానికి వర్తింపజేసినచో అర్థం మారిపోతుంది, పిరికితనం కూడా అందులో చేరగలదు. భాషలో ఈ సందేహాన్ని విగ్రహవాక్యం తీరుస్తుంది. అసెంబ్లీ సమాసంలో ఆ పని కుండలీకరణాలు చేస్తాయి.

రెండు ముఖ్య చిహ్నాలు

ఏకపద చిహ్నాలలో ప్రధానమైనవి రెండు: ఋణ చిహ్నం, పూరక చిహ్నం. పూరక చిహ్నం సంఖ్యలోని ప్రతి బిట్టునూ తారుమారు చేస్తుంది. 0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0 వస్తుంది. దీనిని మైక్రోసాఫ్ట్ వారి అసెంబ్లరయిన మాస్మ్‌లో 'నాట్' అనే మాటతోను, నాస్మ్, గ్నూ అసెంబ్లర్లలో అలగుర్తు (~) తోను, పి.డి.పి.-11 యొక్క మాక్రో-11 అసెంబ్లరులో '^సి' అనియు వ్రాస్తారు.

పూరకం విలువ యంత్రపదం పొడవుపై ఆధారపడి ఉంటుంది. 127 అనే సంఖ్య ద్విసంఖ్యామానంలో వరుసగా ఏడు ఒకట్లు. దాని పూరకం 16 బిట్ల పదంలో 65408, 24 బిట్ల పదంలో 1,67,77,088, 32 బిట్ల పదంలో 429,49,67,168. ఈ మూడూ వేర్వేరు సంఖ్యల వలె కనిపించినను, ఋణ సంఖ్యలను సూచించే రెండ్ల పూరక పద్ధతిలో చదివినపుడు మూడింటి విలువ -128 మాత్రమే. అనగా ఏ సంఖ్యకైనను పూరకం తీసుకొని 1 కలిపినచో ఆ సంఖ్యకు ఋణ సంఖ్య వస్తుంది. 127 పూరకం -128, దానికి 1 కలిపిన -127.

ఎప్పుడు జరిగే పని?

ఏకపద చిహ్నం పని ప్రోగ్రాము నడిచే సమయంలో జరగదు. అసెంబ్లరు అనువాదం చేస్తున్నపుడే సమాసం విలువ లెక్కింపబడి, తుది సంఖ్య మాత్రమే యంత్రభాషలో చేరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ల అసెంబ్లీ భాషలో దీనివల్ల ఒక చిక్కు ఏర్పడినది. అందులో 'నాట్' అనే పేరుతో ఒక ఆజ్ఞయు, మాస్మ్‌లో అదే పేరుతో ఒక ఏకపద చిహ్నమును ఉన్నవి.

నాట్ ఏఎక్స్
మూవ్ ఏఎక్స్, నాట్ 127

మొదటి పంక్తిలోని 'నాట్' ఆజ్ఞ. ఏఎక్స్ రిజిస్టరులో ఆ క్షణాన ఏ విలువ ఉంటే దాని బిట్లను ప్రాసెసరు తారుమారు చేస్తుంది. రెండవ పంక్తిలోని 'నాట్' చిహ్నం. అసెంబ్లరు దానిని ముందే లెక్కకట్టి, -128 అనే సంఖ్యను ఆజ్ఞలో ఉంచుతుంది. ప్రోగ్రాము నడిచే సమయానికి అచ్చట 'నాట్' అనేదేదియు మిగలదు.

ఇందువలన ఒక నియమం ఏర్పడుతున్నది. చిహ్నానికి ఇచ్చే పదం విలువ అనువాద సమయానికే తెలిసి ఉండవలెను. రిజిస్టరులోని విలువకు చిహ్నం వర్తించదు. జ్ఞాపకశక్తిలో ఒక స్థానానికి పెట్టిన పేరు కూడా అంతే. ఆ స్థానం తుది చిరునామా, భాగాలను జతపరచే లింకరు ప్రోగ్రాము పని ముగించిన తరువాత గాని నిర్ణయం కాదు. అందువల్లనే గ్నూ అసెంబ్లరులో ఋణ, పూరక చిహ్నాలకు ఇచ్చే పదం స్థిరసంఖ్యగా ఉండవలెనని నియమం.

పి.డి.పి.-11లో పూరకం అవసరం

పి.డి.పి.-11 ఆజ్ఞల పట్టికలో రెండు విలువల ఉమ్మడి బిట్లను మిగిల్చే 'ఆండ్' ఆజ్ఞ లేదు. దానికి బదులు 'బిఐసి' అనే ఆజ్ఞ ఉన్నది. ఇచ్చిన సంఖ్యలో ఎక్కడెక్కడ 1 ఉన్నదో, రిజిస్టరులో ఆయా బిట్లను ఇది చెరిపివేస్తుంది. ఇక ఒక అక్షర సంకేతంలో కింది ఏడు బిట్లను మాత్రమే ఉంచి మిగిలినవి తొలగించవలసి వచ్చినదనుకొనవచ్చును. ఆస్కీ సంకేతం ఏడు బిట్లది, ఎనిమిదవ బిట్టును ప్రసారంలోని తప్పులను పట్టుకొనుటకు వాడేవారు గనుక ఇది తరచుగా కావలసిన పని. అప్పుడు వ్రాయవలసినది ఇది:

బిఐసి #^సి177, ఆర్0

మాక్రో-11లో సంఖ్యలు ప్రత్యేకంగా చెప్పనిచో ఎనిమిది మూలంగా చదువబడతాయి. ఆ పద్ధతిలో 177 అనగా మామూలు లెక్కలో 127. ఉంచదలచిన ఏడు బిట్లను 177 చూపుతుంది, చెరపదలచిన తొమ్మిది బిట్లను దాని పూరకం చూపుతుంది. '^సి' మరచినచో అక్షరమే చెరిగిపోయి పై బిట్లు మాత్రం మిగులుతాయి. ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

బయటపడనిది మరొకటి ఉన్నది. విద్యార్థి మామూలు లెక్క మనస్సులో ఉంచుకొని 177కు బదులు 127 అని వ్రాసినాడనుకొనవచ్చును. అసెంబ్లరు దానిని ఎనిమిది మూలంగా చదివి 87గా గ్రహిస్తుంది. 87 ద్విరూపం 1010111. అందులో రెండు చోట్ల సున్నాలు ఉన్నవి. ఇప్పుడు రోమను లిపిలోని 'ఎ' అక్షరాన్ని పరీక్షకు ఇచ్చినచో, దాని సంకేతం 65, ద్విరూపం 1000001, చెక్కుచెదరక బయటికి వస్తుంది. ప్రోగ్రాము బాగున్నదని విద్యార్థి భావిస్తాడు. కాని 'ఐ' అక్షరం సంకేతం 73, ద్విరూపం 1001001. అందులోని నడిమి బిట్టు చెరిగి 65 అవుతుంది. అనగా 'ఐ' వ్రాసిన ప్రతిచోటా 'ఎ' పడుతుంది.

దీనికి విరుగుడు కూడా ఏకపద చిహ్నమే. '^డి' అనేది తన తరువాతి సంఖ్యను పది మూలంగా చదువుమని చెప్పే చిహ్నం. ^సి^డి127 అని రెండు చిహ్నాలను వరుసగా వ్రాయవచ్చును. పదానికి దగ్గరగా ఉన్నది ముందు పనిచేస్తుంది. అనగా 127 ముందు పది మూలంగా చదువబడి, తరువాత దాని పూరకం తీయబడుతుంది.

ప్రాధాన్య క్రమం

మాక్రో-11లో ద్విపద చిహ్నాల మధ్య హెచ్చుతగ్గులు లేవు. ఎడమ నుండి కుడికి వరుసగా లెక్కింపబడతాయి. 2+3*4 విలువ బడిలెక్క ప్రకారం 14, మాక్రో-11 ప్రకారం 5*4, అనగా 20. అయితే ఏకపద చిహ్నాలు మాత్రం ద్విపద చిహ్నాల కంటె ముందు పనిచేస్తాయి. నాస్మ్ కూడా ఏకపద చిహ్నాలకు పై స్థానమే ఇచ్చినది.

మాస్మ్ పద్ధతి వేరు. దానిలో ఏకపద ఋణ చిహ్నం పైస్థాయిలోనే ఉన్నది గాని, 'నాట్' చాలా కింద ఉన్నది. గుణకార భాగహారాలు, తరువాత కూడిక తీసివేతలు, తరువాత పోలికలు, అటుపిమ్మట 'నాట్', దాని తరువాత 'ఆండ్', చివరకు 'ఆర్' అనేది అందలి క్రమం. కనుక ఒకే సమాసానికి రెండు విలువలు ఏర్పడతాయి. 127 పూరకానికి 1 కలుపుట అనే ఉద్దేశంతో పూరక చిహ్నం, 127, కూడిక గుర్తు, 1 అని కుండలీకరణాలు లేకుండా వ్రాసినచో నాస్మ్‌లో -127 వస్తుంది. మాస్మ్‌లో కూడిక ముందు జరిగి, 128 పూరకం తీయబడి -129 వస్తుంది. రెండు అసెంబ్లర్లూ ఎట్టి ఆక్షేపణా తెలుపవు. (నాట్ 127) + 1 అని కుండలీకరణాలతో వ్రాసినపుడు మాస్మ్‌లోనూ -127 వస్తుంది.

రెండు లిపుల ఉదాహరణ

యాంగోన్‌లోని తెలుగు కుటుంబాలకు రెండు లిపులతో నిత్యసంబంధం ఉన్నది. బడిలో బర్మా లిపి, ఇంటా సంఘంలోనూ తెలుగు లిపి. యూనికోడ్ అంతర్జాతీయ సంకేత పట్టికలో తెలుగు 1991లోని మొదటి కూర్పు నుండియు, బర్మా లిపి 1999లోని మూడవ కూర్పు నుండియు ఉన్నవి. బర్మా దేశంలో చాలకాలం జౌజీ అనే వేరొక పద్ధతి వాడుకలో ఉండి, 2019 అక్టోబరు 1వ తేదీ నుండి యూనికోడ్‌కు మారే ప్రయత్నం దేశవ్యాప్తంగా జరిగినది. ఈ సంకేతాలతో పై పాఠాన్ని పరీక్షించి చూడవచ్చును.

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయింపబడినవి. తెలుగు 'క' సంకేతం 3093. బర్మా లిపికి ప్రధాన విభాగం 4096 నుండి 4255 వరకు 160 స్థానాలు. బర్మా 'క' సంకేతం 4096. మాస్మ్‌లోని 'హై', 'లో' అనే ఏకపద చిహ్నాలు 16 బిట్ల సంఖ్యను రెండు బైట్లుగా విడదీసి ఇస్తాయి. హై 3093 విలువ 12, లో 3093 విలువ 21. బర్మా 'క'కు ఇవి 16, 0.

ఒక సంకేతం తెలుగు విభాగానికి చెందినదా అని తెలిసికొనుటకు కింది ఏడు బిట్లను తొలగించి, మిగిలినది 3072 అవునో కాదో చూస్తే చాలును. ఏలయనగా 3072 అనేది 128కి 24 రెట్లు, విభాగం పొడవు సరిగా 128.

ఆండ్ ఏఎక్స్, నాట్ 127
సిఎంపి ఏఎక్స్, 3072

ఈ మొదటి పంక్తిలో 'ఆండ్' ఆజ్ఞ, 'నాట్' చిహ్నం. 3093ను ఇచ్చినచో 3072 మిగులుతుంది, పోలిక సరిపోతుంది.

ఇదే పరీక్షను అనువాద సమయంలోనే ఒక స్థిరసంఖ్యపై జరపదలచి, మాస్మ్‌లోని 'ఇఫ్' పంక్తిలో ఇట్లు వ్రాసినారనుకొనవచ్చును:

ఇఫ్ 4304 ఆండ్ నాట్ 127 ఈక్యూ 3072

4304 తెలుగు అక్షరం కాదు, జార్జియా దేశపు లిపిలోని మొదటి అక్షరం. కనుక పరీక్ష విఫలం కావలెను. కాని ప్రాధాన్య క్రమంలో 'ఈక్యూ' అనే పోలిక 'నాట్' కంటె ముందున్నది. ముందుగా 127, 3072 సమానమా అని చూడబడుతుంది. కావు గనుక 0 వస్తుంది. దానికి పూరకం -1, అనగా అన్ని బిట్లూ ఒకట్లే. దానితో 4304ను 'ఆండ్' చేసిన 4304 మిగులుతుంది. సున్నా కానిది ఏదైనను 'ఇఫ్' దృష్టిలో సత్యమే. ఈ పరీక్షలో ఏ అక్షరాన్ని ఇచ్చినను తెలుగు అక్షరమనే తేలుతుంది. సరియైన రూపం ఇది:

ఇఫ్ (4304 ఆండ్ (నాట్ 127)) ఈక్యూ 3072

ఇక బర్మా లిపికి తెలుగు పద్ధతినే అనుసరించి, కింది ఏడు బిట్లను తొలగించి 4096తో పోల్చినచో ఏమగును? బర్మా అక్షరాలు, 4160 నుండి 4169 వరకు గల బర్మా అంకెలు పరీక్షలో నెగ్గుతాయి. పరీక్షించినవారు తృప్తి చెందుతారు. కాని విభాగం పొడవు 160. చివరి 32 స్థానాలు 4224 నుండి మొదలవుతాయి. షాన్ ప్రజల అంకెలు 4240 నుండి 4249 వరకు అచ్చటనే ఉన్నవి. షాన్ అంకె 5 సంకేతం 4245. దానినుండి కింది ఏడు బిట్లు తొలగించిన 4224 మిగులుతుంది, 4096 కాదు. అనగా ఈ ప్రోగ్రాము ప్రకారం షాన్ అంకెలు ఈ విభాగానికి చెందనివైపోతాయి. 127కు బదులు 255 పూరకాన్ని వాడినచో షాన్ అంకెలు లోనికి వస్తాయి గాని, 4256 నుండి 4351 వరకు గల జార్జియా లిపి కూడా వెంటవస్తుంది.

కనుక ఇచ్చట పూరకంతో పని జరగదు. సంకేతం నుండి 4096 తీసివేసి, వచ్చిన శేషాన్ని ఋణ సంఖ్యలు లేని లెక్కలో 159తో పోల్చవలెను. 159 గాని అంతకు తక్కువ గాని అయినచో అది ఈ విభాగానికి చెందినది. బర్మా లిపికి విస్తరణ విభాగాలు పట్టికలో వేరుచోట్ల కూడా ఉన్నవి, వాటిని విడిగా పరీక్షించవలెను. పూరకంతో చేసే పరీక్ష, విభాగం పొడవు 2, 4, 8, 16 వంటి సంఖ్యయై, ఆరంభం ఆ పొడవునకు గుణిజమైనపుడు మాత్రమే చెల్లుతుంది. తెలుగు విభాగం అట్టిది, బర్మా విభాగం అట్టిది కాదు.

అభ్యాసం

కింది వాటి విలువలు కాగితంపై కట్టి, తరువాత జవాబులతో పోల్చుకొనవచ్చును.

1. మాక్రో-11లో ^సి7+1.
2. మాస్మ్‌లో నాట్ 7 + 1.
3. మాస్మ్‌లో హై 3093 + 1.
4. మాక్రో-11లో -^డి50+^డి60.

మొదటిదానిలో పూరకం ముందు జరుగుతుంది. 7 పూరకం -8, దానికి 1 కలిపిన -7. రెండవదానిలో కూడిక ముందు జరిగి 8 పూరకం -9 వస్తుంది. మూడవదానిలో 'హై' చిహ్నం కూడిక కంటె పైస్థాయిది గనుక 12కు 1 కలిసి 13. నాల్గవదానిలో 50 పది మూలంగా చదువబడి ఋణమగును, దానికి 60 కలిపిన 10.

ముఖ్యంగా గుర్తుంచుకొనవలసినవి మూడు. చిహ్నం అనువాద సమయంలో పనిచేస్తుంది, ఆజ్ఞ ప్రోగ్రాము నడిచే సమయంలో పనిచేస్తుంది. చిహ్నం పరిధి ఏ అసెంబ్లరుకు ఆ అసెంబ్లరు నిర్ణయించుకొన్నది గనుక, సందేహమున్న ప్రతిచోటా కుండలీకరణాలు ఉంచవలెను. పరీక్షకు ఎన్నుకొనే విలువలలో సులభమైన మొదటి అక్షరం ఒక్కటే గాక, విభాగం చివరి అక్షరం, దానిని దాటిన మొదటి అక్షరం కూడా తప్పక ఉండవలెను. 'ఐ' అక్షరం 'ఎ'గా మారుట గాని, షాన్ అంకె లెక్క నుండి జారిపోవుట గాని అట్టి పరీక్షలోనే బయటపడుతుంది.